ఎమ్మెరామ్ గారి బీరు పడుకుంది

ఎమ్మెరామ్ జింట్ల్ గారికి ఉన్నది ఒక్కటే పట్టింపు. ఆయన నేలమాళిగలో బీరు నిద్రపోతుంది. హోల్లెన్‌రాయిత్ ఊళ్లో బీరు కాచే హక్కున్న మిగతా పదమూడు ఇళ్లలోనూ బీరు పొంగుతుంది, తేరుకుంటుంది, ఊరుతుంది. అంటే బీరు చెయ్యాల్సిన పనులు చేస్తుంది. ఆయన బీరు మాత్రం పడుకుంటుంది. పడుకున్నదాన్ని లేపితే దానికి చిరాకొస్తుంది. చిరాకొచ్చిన బీరు తాగినవాడికి తలనొప్పి వస్తుంది. తలనొప్పి వచ్చినవాడు పెళ్లాం మీద విసుక్కుంటాడు. ఆవిడ మర్నాడు సూపులో రెండు గుప్పిళ్లు ఉప్పేస్తుంది. ఇలా ఒక కాపురం కూలడానికి, సందులో ఎవడో చెయ్యి జారి ఒక డబ్బా కింద పడేస్తే చాలునని ఆయన సిద్ధాంతం.

అందుకని ఆయన వీధి గుమ్మం పక్కన ఒక పలక వేలాడుతూ ఉంటుంది. దాని మీద సుద్దతో "పడుకుంది. పన్నెండింటి దాకా" అనో, "పడుకుంది. రెండింటి దాకా" అనో రాసి ఉంటుంది. పలక కనబడిందంటే ఆయన ఉండే తాళ్ల సందు మొత్తం మునివేళ్ల మీద నడవాలి. పాలాయన క్యాన్లకు పాత దుప్పట్లు చుట్టుకుని రావాలి. కట్టెలు కొట్టేవాళ్లు కట్టెలు పేర్చుకోవాలి. పోట్లాడుకునేవాళ్లు సందు చివర పంపు దగ్గరికి వెళ్లి పోట్లాడుకుని, అక్కడే రాజీపడి, చప్పుడు చెయ్యకుండా ఇంటికి రావాలి.

పోనీ ఆయన సహజంగా మెత్తని మనిషా అంటే, అదీ కాదు. ఊరుమ్మడి కాచే ఇంట్లో ఆయన వంతు వచ్చిన రోజు చూడాలి. గంగాళం ఎంతుందో నోరూ అంతే చేసుకుంటాడు. "మాల్టు గుజ్జులో మూడో వంతు తీసి విడిగా మరిగించమన్నానా, మొత్తం మరిగించమన్నానా? బీరు కాస్తున్నావా, బట్టలు ఉడకేస్తున్నావా?" అని పొయ్యి దగ్గర ఎవరుంటే వాళ్ల మీద విరుచుకుపడతాడు. అలా ఆ బార్లీ మొలకల గుజ్జులో కొంత తీసి, మరిగించి, మళ్లీ కలపడం మూడుసార్లు జరగాలి. అప్పుడే బీరుకి తుమ్మజిగురు రంగూ, కాలిన రొట్టె పెచ్చు రుచీ వస్తాయట. ఒకాయన ఎప్పుడో తొందరపడి రెండుసార్లతో సరిపెట్టాడు. అప్పటినుంచి ఎమ్మెరామ్ ఆ మనిషి పేరు పలకడు. "ఆ బార్లీ నీళ్లాయన" అంటాడు.

ఇంత నోరున్న మనిషీ, కాచిన రసం చల్లారి, ఇంటికి చేరి, ఈస్టు పడి, నేలమాళిగ తలుపు మూసుకోగానే మూగబోతాడు. ఆ తర్వాత ఆయన ఏం మాట్లాడినా గుసగుసే. "ఆఫ్రా, ఉప్పు అందుకో" అని భార్యతో అన్నా, రాజు మీద కుట్ర చేస్తున్నట్టు ఉంటుంది.

ఆఫ్రా ఉన్ని చెప్పులతో ఇల్లంతా పిల్లిలా తిరుగుతుంది. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని పంపు దగ్గరికి పరుగెత్తి, అక్కడ తుమ్మి వస్తుంది. "ఈ మూడేళ్లలో మా ఆయన నన్ను ఒక్క మాట గట్టిగా అన్న పాపాన పోలేదు" అని అందరికీ చెప్పుకుంటుంది.

"అన్నా మీకు వినబడి చస్తేగా" అంటుంది ఎదురింటి మేడ మీద ఉండే ఓటిలీ.

ఓటిలీ ప్లేయర్ ఆ ఊరి మంత్రసాని. యుద్ధం తర్వాత సరిహద్దు అవతల ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, ఒక సంచీ, అందులో ఒక కత్తెరతో ఇటు వచ్చింది. నాలుగైదు ఊళ్లు తిరిగి, మూడేళ్ల కిందట హోల్లెన్‌రాయిత్‌లో కుదురుకుంది. నలభై అయిదేళ్లుంటాయి. ఏ వేళ కబురొచ్చినా సైకిలెక్కి వెళ్లిపోతుంది. ఆమెకి రెండు రావు: అబద్ధం చెప్పడం, సాయం పుచ్చుకోవడం. కొత్తగా తండ్రయినవాడు మురిసిపోతూ "ఎవరి పోలికమ్మా?" అని అడిగితే, బిడ్డని ఇటూ అటూ తిప్పి చూసి, "ప్రస్తుతానికి ముల్లంగి పోలిక. రెండు వారాలాగి చెప్తా" అంటుంది. ఆమె వచ్చిన కొత్తలో చర్చి ఆడవాళ్లంతా కలిసి కిటికీ తెరలు కుట్టి ఇచ్చారు. ఆమె వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, తిరిగి ఇచ్చేసింది. "పరాయి ఊళ్లలో అందరూ దయతో పెట్టింది తిని తిని నాకు అజీర్ణం చేసింది. నా తెరలు నేనే కుట్టుకుంటా" అంది.

అలాంటి మనిషికి ఎదురుగుమ్మంలో బీరు గారాబం. ఓటిలీ రోజూ ఆ పలక ముందు ఆగి దాని యోగక్షేమాలు అడిగేది.

"ఎమ్మెరామ్ గారూ, మొన్న మీ బీరు పన్నెండింటికే లేచిందే. ఇవాళ రెండింటి దాకానా? ఒంట్లో నలతగా ఉందా?"

"రాత్రి దానికి నిద్ర లేదమ్మా" అని ఆయన గుసగుసగా అనేవాడు.

"నేలమాళిగలో, పీపాలో ఉండేదానికి పగలేంటి, రాత్రేంటి?"

"అదే కదమ్మా దాని తంటా."

"సుకుమారం. నా పక్కన నాలుగు రోజులు పెట్టండి, తిక్క కుదురుతుంది. మేం బాంబులు పడుతుంటే పడుకున్నవాళ్లం. నేను మంచం మీద వాలానంటే ఏనుగొచ్చి తొక్కినా లేవను. మూడేళ్లయింది ఈ సందులోకి వచ్చి. ఒక్క చప్పుడు, ఒకే ఒక్క చప్పుడు నన్ను లేపిందంటే ఒట్టు."

"అదృష్టవంతులమ్మా" అని ఎమ్మెరామ్ ఉన్ని చెప్పులతో లోపలికి జారుకునేవాడు.

ఆయన పిచ్చికి సందు సందంతా బలైంది. చివరి ఇంట్లో ఒక పుంజు ఉండేది. గంటకోసారి కూసేది. ఎమ్మెరామ్ దాని యజమానితో మూడు వారాలు రాయబారం నడిపి, చివరికి దాన్ని తన బావమరిది ఊరికి పంపించాడు. పలక కట్టని రోజుల్లో మాత్రం బస్సులో తెచ్చి దించేవాడు. ఆ పుంజు ఊళ్లో ఎవరూ తిరగనంతగా బస్సులో తిరిగింది. కండక్టరు దానికి కిటికీ పక్క సీటు ఉంచేవాడు.

పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవారు, మౌనంగా. గుడ్డలు కుక్కిన బంతి. గోలు పడితే అరవకూడదు. ఇరుపక్షాలూ చేతులు పైకెత్తి, నోళ్లు బార్లా తెరిచి, చప్పుడు లేకుండా గెంతాలి. పక్క ఊరి పిల్లలు ఆటకి వచ్చి, ఇది చూసి భయపడి వెళ్లిపోయారు. ఫాదర్‌ గారి దగ్గరికి కూడా వెళ్లాడు ఎమ్మెరామ్. పెద్ద గంట బదులు చిన్న గంట కొట్టించమని అడిగాడు.

"దేవుణ్ణి పిలిచే గంటయ్యా అది" అన్నారు ఫాదర్.

"దేవుడికి చెవులు బాగానే వినబడతాయి కదా ఫాదర్" అన్నాడు ఎమ్మెరామ్.

ఫాదర్ గారు ఏమనుకున్నారో, చిన్న గంటకే ఒప్పుకున్నారు. మతాధికారులు కూడా బీరుకి లొంగిపోయిన ఊళ్లో మామూలు మనుషుల నుంచి ఏం ఆశిస్తాం అని ఓటిలీ నిట్టూర్చింది.

ఎవరూ ఎదురుచెప్పని ఈ రాజ్యంలోకి కిలియన్ వచ్చాడు. కిలియన్ రేకు పనివాడు. కిందటి ఏడాది తాళ్ల సందులో పుట్టిపెరిగిన రోసీనాని పెళ్లి చేసుకుని, ఇల్లరికం వచ్చి, మామగారి కొట్టంలో దుకాణం పెట్టాడు. రోసీనా పుట్టింటికీ బీరు కాచే హక్కుంది. దాంతో ఫిబ్రవరి నెలాఖరున కాచే ఇంట్లో జరిగిన పద్నాలుగు ఇళ్ల సమావేశంలో అతను లేచి నిలబడ్డాడు.

"నేను రేకు పనివాణ్ణి. రేకుని బుజ్జగిస్తే వంగదు. కొట్టాలి. కొడదామని పొద్దున సుత్తి ఎత్తితే ఎదురుగా పలక. కిందటి వారం నాలుగు రోజులు పలక. గురువారం సాయంత్రం నాలుగింటి దాకా పలక. నాకు తెలీకడుగుతా, అది బీరా, బాలింతా?"

ఎవరో పొలమారినట్టు దగ్గారు. అందరిలోకీ పెద్దయిన బ్లాసీ తాత పైకి చూసి, కప్పు దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇది తాతల నాటి ఆచారం" అన్నాడు ఎమ్మెరామ్.

"ఎవరి తాత?"

"ఎవరి తాతో ఒకరి తాత."

"అయితే పరీక్ష పెడదాం" అన్నాడు కిలియన్. "మార్చిలో మీరు కాసే బీరు రెండు పీపాల్లో పొయ్యండి. ఒకటి మీ మాళిగలో పడుకోబెట్టి జోకొట్టుకోండి. రెండోదాని నెత్తిమీద నేను అక్టోబరు దాకా సుత్తి వాయిస్తా. చర్చి పండగ ముందు రోజు రెండూ రుచి చూద్దాం. తేడా ఉంటే జీవితాంతం నోరు మూసుకుంటా. తేడా లేకపోతే ఆ పలక పొయ్యిలో పెట్టాలి, పండగ వంతు మా ఇంటికి ఇచ్చెయ్యాలి."

చర్చి పండగ వంతంటే మామూలు విషయం కాదు. బీరు అమ్మే ఇంటి ముందు ఆరు కోణాల చుక్క కడతారు. పండగకి ఆ చుక్క జింట్ల్ వాళ్ల ఇంటికే కట్టడం ఎమ్మెరామ్ తాత కాలం నుంచి వస్తోంది. ఆయన తండ్రి కాలు విరిగి మంచం మీద ఉండి కూడా, మంచాన్ని వాకిట్లోకి మోయించుకుని మరీ ఆ రోజు బీరు పోశాడు.

"ఎవరు రుచి చూస్తారు? అందరం చుట్టాలమే" అన్నాడు బ్లాసీ తాత, దూలాల మీంచి చూపు దించకుండానే.

రొట్టెకి ఈస్టు కొనుక్కుందామని గిన్నె పట్టుకుని వచ్చిన ఓటిలీ గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. కిలియన్ ఆమెని చూపించాడు.

"ఆవిడ చెప్పాలి. ఆవిడకి ఇక్కడ వంతు లేదు, చుట్టరికం లేదు, మొహమాటం అసలే లేదు."

"చెప్తా" అంది ఓటిలీ. "రెండూ ఒకలా ఉంటే ఒకలా ఉన్నాయనే చెప్తా. ఉంటాయి కూడా. కావాలంటే ఇప్పుడే కాగితం మీద రాసిచ్చి వెళ్తా, అక్టోబరులో నా పని తగ్గుతుంది."

ఎమ్మెరామ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన ఓటిలీని చూశాడు. తర్వాత మెల్లగా, "ఒప్పుకుంటా. కానీ ఆ రెండో పీపా మా సందులో ఉండకూడదు. కిలియన్ సుత్తి సందులో మోగితే నా పీపా కూడా లేస్తుంది, ఇంక పరీక్షేముంది? స్టేషన్ పక్కన అతని బాబాయి కమ్మరి కొట్టం ఉందిగా, దాని కింద పెట్టండి. పలక కట్టిన రోజుల్లో అక్కడికెళ్లి కొట్టుకోమనండి" అన్నాడు.

కిలియన్ సరేనన్నాడు. తన బీరు జోలపాట కోసం సుత్తినే ఊరవతలకి తోలిన మొనగాడని ఓటిలీ ఆ వారమంతా వెళ్లిన ప్రతి ఇంట్లో చెప్పి నవ్వించింది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. అయితే ఆ ఇళ్లలో మగవాళ్లు ఎందుకో పెద్దగా నవ్వలేదు. మగవాళ్లకి హాస్యం తెలీదని ఆమె సరిపెట్టుకుంది.

మార్చిలో కాచారు. ఒకే గంగాళం, ఒకే రసం, ఒకే ఈస్టు, రెండు పీపాలు. ఒకటి ఉన్ని చెప్పుల మధ్య మాళిగలోకి దిగింది. రెండోది స్టేషన్ దగ్గరికి బండెక్కింది. ఎమ్మెరామ్ దాని వెనకాల కొంత దూరం నడిచి వెళ్లాడు, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు.

కిలియన్ దాన్ని మనస్ఫూర్తిగా హింసించాడు. పీపాకి సరిగ్గా పైన దిమ్మె వేయించి నీటి గొట్టాలు కొట్టాడు. ఊరి బాండు మేళాన్ని పిలిచి, సాధన ఇక్కడే చేసుకోమన్నాడు. పెద్ద బాకా ఊదే ఆయన్ని ఏకంగా మాళిగలోకి దింపి, పీపా మీదే కూర్చోబెట్టాడు. ఓటిలీ సైకిలు మీద అటు వెళుతూ, "ఇంకాస్త గట్టిగా ఊదండి, నాకు గెలవాలని ఉంది" అనేది.

తాళ్ల సందులో మాత్రం వేసవంతా పలక మారుతూనే ఉంది. ఒక వారం రోజూ పడుకుంటుంది. ఇంకో వారం అసలు పడుకోదు. ఆ వారం కట్టెలు, సుత్తులు, పుంజు, పోట్లాటలు అన్నీ ఒకేసారి మోగుతాయి. జూలైలో ఒక రోజు పలక మీద ఎన్నింటి దాకానో కూడా రాయలేదు. "పడుకుంది" అని మాత్రం ఉంది. ఆ రోజు ఓటిలీ దాన్ని వెక్కిరించలేదు. సైకిలు తోసుకుంటూ తల దించుకుని వచ్చి, తలుపేసుకుని, మర్నాటి దాకా తియ్యలేదు. ఆ రోజు చిన్న గంట కూడా మోగలేదని తర్వాత ఎవరో అంటే, బీరుకి మరీ ఇంత చాకిరీయా అనుకుంది.

అక్టోబరు వచ్చింది. పండగ ముందు రోజు మధ్యాహ్నం జింట్ల్ వాళ్ల వాకిట్లో బల్లలు వేశారు. సందంతా వచ్చింది. నెలలు నిండుతున్న రోసీనా కుర్చీలో కూర్చుంది. పీపాల నుంచి బీరు పట్టడం కూడా తీర్పు చెప్పే మనిషి చేతి మీదుగానే జరగాలన్నారు. స్టేషన్ పీపా నుంచి ఓటిలీ ఒక కూజా పట్టి తెచ్చింది. రెండో కూజా కోసం ఎమ్మెరామ్ మాళిగకి బయల్దేరింది.

"నేను పట్టి తెస్తా, మెట్లు జారతాయి" అని ఎమ్మెరామ్ అడ్డం వచ్చాడు.

"జారే బిడ్డల్నే పట్టుకుంటా, మెట్లెంత. తప్పుకోండి."

"చెప్పులైనా మార్చుకోండమ్మా" అన్నాడు ఆయన, ఇంక చేసేది లేక.

ఆమె ఉన్ని చెప్పులు తొడుక్కుని, దీపం పట్టుకుని ఒక్కతే దిగింది. లోపల చల్లగా, రొట్టెల కొట్టు వాసన వేస్తోంది. పీపా మొద్దులా కూర్చుని ఉంది. నిద్రపోతున్న జాడ దాని మొహంలో ఆమెకేమీ కనబడలేదు. దీపం తగిలించడానికి మేకు కోసం చూస్తూ తలుపు మూసింది. తలుపు వెనక, పైనుంచి కింద దాకా సుద్దరాత.

"ఏప్రిల్ 9. రాళ్లగని ఇంట్లో ఆడపిల్ల. పన్నెండింటి దాకా."

"మే 3. మిల్లువాళ్లకి కవలలు. మూడింటి దాకా. పుంజుని బస్సెక్కించా."

"మే 11 నుంచి 19. ఊళ్లో ఎవరూ పుట్టలేదు. మేలుకునే ఉంది."

"జూన్ 21. స్టేషన్ మాస్టరింట్లో మగపిల్లాడు. చాలా కష్టమైందట. నాలుగింటి దాకా. ఫాదర్‌కి చెప్పా."

"జూలై 12. బిడ్డ దక్కలేదు. రోజంతా."

ఓటిలీ పీపా మీద కూర్చుండిపోయింది. ఆ తేదీలన్నీ ఆమెకి తెలుసు. ఆమె దస్త్రంలో కూడా అవే ఉన్నాయి. ఆ సందులోకి వచ్చిన మొదటి వారం గుర్తొచ్చింది. ఎమ్మెరామ్ టోపీ చేతుల్లో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. అప్పుడాయన గొంతు గంగాళంలా ఉండేది. "రాత్రంతా తిరిగొస్తారు, పగలు పడుకోవాలిగా అమ్మా. సందులో వాళ్లకి చప్పుడు చెయ్యొద్దని ఒక మాట చెప్పనా?" అన్నాడు. "నా కోసం ఎవరూ ఊపిరి బిగబట్టుకోనక్కర్లేదు. ఒకరి దయ మీద పడుకునే అలవాటు నాకు లేదు" అని ఆమె తలుపేసింది. నాలుగు రోజులకి ఎదురుగుమ్మంలో పలక వేలాడింది. ఎదురింటాయనకి మతి చలించిందనుకుందే గానీ, అంతకంటే ఆలోచించలేదు.

ఏనుగు తొక్కినా లేవని నిద్ర. మూడేళ్లుగా సందంతా కలిసి ఆ ఏనుగుని తోక పట్టుకుని ఆపుతోందన్నమాట.

ఆమె కూజా నింపుకుని, తలుపుని భుజంతో తోసుకుని పైకి వచ్చింది. బల్ల మీద రెండు గ్లాసులు పెట్టారు. దీనిలోంచి ఒక గుక్క తాగింది, దానిలోంచి ఒక గుక్క. అదే తుమ్మజిగురు రంగు, అదే రొట్టె పెచ్చు రుచి, చివర్న అదే చిరుచేదు. కవలల్ని ఎన్నో జతలు చూసిన మనిషి. ఒక కడుపున పుట్టినవాటిని పోల్చుకోలేదా? నిజం చెప్పాలంటే స్టేషన్ పీపాదే కాస్త హుషారుగా ఉంది. బాండు మేళం దానికి ఒంటబట్టినట్టుంది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. కిలియన్ అప్పుడే చుక్క వేలాడదీసే కొక్కెం జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. ఎమ్మెరామ్ తన ఉన్ని చెప్పుల్ని చూసుకుంటున్నాడు.

ఓటిలీ స్టేషన్ గ్లాసు పైకెత్తింది. అలవాటు లేని పని, అందుకని గొంతు సవరించుకుంది.

"ఇది నిద్ర చాలని బీరు."

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ ఎమ్మెరామ్ కళ్లు ఎర్రబడ్డాయి. మూడేళ్ల తర్వాత మొదటిసారి తాళ్ల సందులో ఆయన అసలు గొంతు మోగింది.

"ఏంటి చాలనిది? ఏం చాలలేదు దానికి? మూడుసార్లు విడిగా తీసి మరిగించి కాచిన బీరమ్మా అది. ఇటివ్వండి." గ్లాసు లాక్కుని సగం తాగేశాడు. "ఏది లోపం? దేవుడొచ్చి తాగినా వంక పెట్టలేడు. స్టేషన్లో ఉంటే మాత్రం నా బీరు నా బీరు కాకపోతుందా? రెండూ ఒక్కటే, అచ్చం ఒక్..."

"ఎమ్మెరామ్ గారూ" అంది ఓటిలీ, చాలా మెల్లగా. "గట్టిగా మాట్లాడకండి. బీరు పడుకుంది."

ఆయన చూపు ఆమె మొహం మీంచి ఆమె నల్ల జాకెట్టు భుజం మీదికి జారింది. అక్కడ సుద్ద అంటుకుని ఉంది. మిల్లువాళ్ల కవలలు, పుంజు, బస్సు అన్నీ ఆ భుజానికే అంటుకున్నట్టున్నాయి. ఆయన నోరు మూసుకుని, గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టాడు.

"కాస్త నిద్ర తక్కువైనట్టే ఉందిలే" అని గొణిగాడు. ఆ నాలుగు మాటలు అనడానికి ఆయనకి ప్రాణం పోయినంత పనైంది.

"ఆగండాగండి" అన్నాడు కిలియన్. రెండు గ్లాసులూ తాగాడు. మళ్లీ తాగాడు. "రెండూ ఒకటేగా. ఓటిలమ్మా, మీరు అబద్ధం చెప్పరని కదా మిమ్మల్ని..."

రోసీనా నడుం పట్టుకుని లేచింది. రెండు గ్లాసులూ వాసన చూసి, "అయ్యో పాపం, ఎంత చిరాగ్గా ఉందో" అంది. తర్వాత మొగుడి చెవి పట్టుకుని వంచి, అందులో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. వింటున్నకొద్దీ కిలియన్ మొహం రేకు రంగుకి తిరిగింది. అతను ఓటిలీని చూశాడు, పెళ్లాం పొట్టని చూశాడు, పలకని చూశాడు. కొక్కెం జేబులో వేసుకుని, స్టేషన్ గ్లాసులో మిగిలింది ఖాళీ చేశాడు.

"అవును" అన్నాడు. "తలనొప్పి బీరే. ఇప్పుడే మొదలైంది నాకు."

"నాకు వాసనకే మొదలైంది" అన్నాడు బ్లాసీ తాత, తాగడానికి గ్లాసు చాపుతూ.

ఆ పూట తాళ్ల సందులో అందరూ ఆ పీపాని రుచి చూసి, ఒకరి తర్వాత ఒకరు నుదురు పట్టుకున్నారు. పండగ రోజు జింట్ల్ వాళ్ల గుమ్మానికి చుక్క కట్టారు. ఆ తలనొప్పి పీపాయే ముందు ఖాళీ అయింది, అదీ చర్చిలో ప్రార్థన ముగిసిన గంటకే.

"నాకు ముందే చెప్పొచ్చుగా, వేసవంతా స్టేషన్లో వెర్రివాడిలా కొట్టాను" అని కిలియన్ పెళ్లాంతో అన్నాడు.

"నీకు చెప్తే రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టే. ముందు ఆవిడకే వినబడేది" అంది రోసీనా.

నవంబరులో ఒక రోజు పొద్దున ఓటిలీ సైకిలు తోసుకుంటూ సందులోకి వచ్చింది. కిలియన్‌కి కూతురు పుట్టింది. ఎవరి పోలికని అడిగాడు; ముల్లంగి అని చెప్పి వచ్చింది. సందులో పిల్లలు గోలు వేసి, చేతులెత్తి, చప్పుడు లేకుండా గెంతుతున్నారు. పుంజు కనబడలేదు, బస్సెక్కినట్టుంది.

ఎమ్మెరామ్ గుమ్మంలో పలక ఉంది. "పడుకుంది. రెండింటి దాకా."

ఓటిలీ కిటికీ మీద వేలితో తట్టింది. ఆయన తల బయటపెట్టాడు.

"ఎమ్మెరామ్ గారూ, మీ బీరు పండగకే అయిపోయింది. కాచే ఇంట్లో గంగాళానికి అతుకు వేస్తున్నారు, ఊళ్లో ఎవరూ కొత్తది కాయలేదు. లోపల ఉన్నవి ఖాళీ పీపాలు. ఇప్పుడు పడుకున్నది ఏంటో?"

ఆయన వెనక్కి తిరిగి మాళిగ తలుపు వైపు చూశాడు.

"పీపాలమ్మా" అని గుసగుసగా అన్నాడు. "పండగ చేసి అలిసిపోయాయి."

"అలాగా."

"అలాగే."

ఓటిలీ సైకిలు గోడకి ఆనించింది. పలక పక్కన దారానికి వేలాడుతున్న సుద్దముక్క తీసుకుంది. "రెండింటి" కొట్టేసి, "మూడింటి" అని రాసింది.

"తొలి కాన్పండీ పాపం" అంది గుసగుసగా, "పీపాలు బాగా అలిసిపోయి ఉంటాయి." చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెట్లు చప్పుడు కాకుండా మేడెక్కింది.